పట్టు ఎంతో కొలవాలి

శేషాచలం మొక్కల మీద పరిశోధన చేసే పిల్లలకు తిరుపతిలో కొదవలేదు. ఎర్రచందనం చెక్కలో దొరికే టెరోస్టిల్బీన్ లాంటి పదార్థమేదో పట్టుకొచ్చి, "ఇది ఫలానా ఎంజైముకు అతుక్కుంటుంది సార్" అంటారు. కంప్యూటర్‌లో వచ్చిన డాకింగ్ స్కోరు చూపిస్తారు. అది అంచనా. పట్టు ఎంతో కొలిచారా అని అడుగుతాను.

అందుకు నాకు ఇష్టమైన పద్ధతి కేపిలరీ ఎలక్ట్రోఫోరెసిస్. సిలికా గొట్టం, లోపలి రంధ్రం 50 మైక్రాన్లు. అందులో బఫర్ నింపి 20, 30 వేల వోల్టులు పెడతాం. ఎంజైము నానోలీటర్లలో ఉంటే చాలు. 1990ల మొదట్లో హార్వర్డ్‌లో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం కార్బోనిక్ ఎన్‌హైడ్రేజ్ ఎంజైముకు సల్ఫోనమైడ్లు ఎంత గట్టిగా అతుక్కుంటాయో ఇలాగే కొలిచింది. గ్లకోమాకు వాడే ఎసెటజోలమైడ్ పనిచేసేది ఆ ఎంజైము మీదే.

గొట్టంలో బఫర్ ప్రవాహం ఎంజైమును డిటెక్టర్ వైపు తీసుకెళ్తుంది. రుణావేశమున్న చిన్న అణువు అతుక్కుంటే ఎంజైము వెనక్కి లాగబడుతుంది. తిరుమల క్యూలో వెనక్కి గుంజే పిల్లవాడి చేయి పట్టుకున్న తండ్రి జనంతోపాటు ముందుకు కదులుతూనే వెనకబడతాడు కదా, అలాగే. బఫర్‌లో ఆ అణువు మోతాదు పెంచుతూ పోతే తెర మీద ఎంజైము శిఖరం కొద్దికొద్దిగా జరిగి, ఒకచోట ఆగిపోతుంది. మొత్తం జరుగుడులో సగం ఏ మోతాదు దగ్గర వచ్చిందో అదే వియోజన స్థిరాంకం. ఆ సంఖ్య ఎంత చిన్నదైతే పట్టు అంత గట్టిది.

టెరోస్టిల్బీన్‌కు మామూలు బఫర్లలో ఆవేశం ఉండదు కాబట్టి అది అతుక్కున్నా శిఖరం దాదాపు కదలదు. అప్పుడు ఎంజైములో అదే చోటికి అతుక్కునే ఆవేశమున్న అణువుతో పోటీ పెట్టి, దాన్ని ఎంతవరకు తొలగిస్తుందో చూడాలి.

మా ఎండలకు ఇంకో జాగ్రత్త కావాలి. నీరు ఒక్క డిగ్రీ వేడెక్కితే చిక్కదనం సుమారు 2 శాతం తగ్గుతుంది, శిఖరం ముందే వచ్చేస్తుంది. అది పట్టు వల్ల వచ్చిన తేడా కాదు. అందుకే గొట్టాన్ని చల్లగా ఉంచుతాం, ప్రతి రన్‌లోనూ ఆవేశం లేని మార్కర్ కలుపుతాం, దాని రాకతో ఎంజైము రాకను పోల్చి లెక్కగడతాం.

కాబట్టి సంఖ్య ఒక్కటే రాసి వదిలేయకండి. ఉష్ణోగ్రత, పీహెచ్, బఫర్ కూడా రాయండి. చిత్తూరులో కొలిచినదాన్ని చికాగోలో ఎవరైనా మళ్లీ కొలిచి సరిచూసుకోగలగాలి. మన కొండల మొక్కల మీద మనకున్న నమ్మకం ఆ పరీక్షకు నిలిచినప్పుడే మందుకు దారి తీస్తుంది.