ఉద్దానం దారిలో అంబాసిడరూ, రాలీ సైకిలూ

పాత అంబాసిడరుకీ రాలీ సైకిలుకీ దగ్గరి చుట్టరికం ఉంది. విలియం మోరిస్ 1893లో, పదహారేళ్ల వయసులో, ఆక్స్‌ఫర్డ్‌లో సైకిళ్లు బాగుచేస్తూ బతుకు మొదలుపెట్టాడు. 1913లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు తెచ్చాడు. అదే పేరుతో దశాబ్దాల తర్వాత వచ్చిన మూడో సిరీస్ మోడలే మన దేశంలో హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్ అయింది. కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో 2014 దాకా తయారైంది. ట్రయంఫ్ కూడా సైకిళ్లతో మొదలైన సంస్థే. దాని హెరాల్డ్ కారు 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్‌గా తయారైంది. సైకిళ్లదీ అదే దారి. రాలీ ఆసన్‌సోల్‌లో, హెర్క్యులిస్ మద్రాసు పక్కన అంబత్తూరులో తయారయ్యాయి. పలాస మీదుగా పోయే రైలుమార్గానికి ఒక కొసన బెంగాల్, మరో కొసన మద్రాసు. ఈ బళ్ల పుట్టిళ్లు ఆ రెండు కొసలవే.

అందుకే కారునీ సైకిలునీ ఒకే ప్రయాణంలో కలిపి నడపాలి. జాతీయ రహదారి ఇందుకు పనికిరాదు. ఉద్దానంలో పలాస నుంచి వజ్రపుకొత్తూరు వైపు, అక్కుపల్లి తీరం దాకా, కొబ్బరి, జీడితోటల మధ్య సాగే దారులు సరిగ్గా సరిపోతాయి. టెక్కలి వైపైతే చలికాలంలో గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ చేరే తేలినీలాపురం ఉంది. పెద్దవాళ్లూ, మంచినీళ్లూ, పంపూ, పానాలూ కారులో. కుర్రాళ్లు సైకిళ్ల మీద. ముందే అనుకున్న ఊళ్లో అందరూ ఆగాలి, అక్కడ చోట్లు మార్చుకోవాలి. పక్షులున్న ఊరికి కాస్త దూరంలోనే కారు ఆపి, మిగతా దారి సైకిలు మీద వెళ్లాలి.

నడపడానికి ముందు బండిని తెలుసుకోవాలి. సైకిలు రాడ్‌బ్రేకు రబ్బరు కట్టలు రిమ్ము లోపలి అంచును పట్టి ఆపుతాయి. రిమ్ము వంకరైతే బ్రేకు ఒకచోట పట్టి, ఇంకోచోట వదిలేస్తుంది. కాబట్టి ముందు స్పోకులు సరిచేసి బెండు తీయాలి, ఆ తర్వాతే బ్రేకు బిగించాలి. పెడలు చేతిని ఇరుసుకు పట్టి ఉంచేది కాటరు పిన్ను. దాని చదును ముఖం ఇరుసు గాడిలో ఒదగాలి. కింద దన్ను పెట్టి సుత్తితో దిగగొట్టాలి. నట్టు దాన్ని జారకుండా కాపాడుతుందంతే. కొత్త పిన్ను వేశాక కొంతదూరం తొక్కి మళ్లీ బిగించాలి.

కారులో ముందు చక్రాల కీళ్లకు గ్రీజు తప్పనిసరి. ఎస్‌యూ కార్బ్యురేటరు ఉంటే, దాని డంపరులో నూనె చూసుకోవాలి. అది తగ్గితే యాక్సిలరేటరు తొక్కగానే ఇంజను తడబడుతుంది.

మన తీరంలో అసలు శత్రువు ఉప్పుగాలి. సముద్రం నుంచి రాగానే రెండు బళ్లనూ మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, గొలుసుకు మెషీన్ ఆయిల్ పట్టించాలి. మడ్‌గార్డుల లోపలా, కారు అడుగునా పేరుకున్న మట్టిని వదలకూడదు. తుప్పు మొదలయ్యేది అక్కడే.

ఈ బళ్ల గొప్పతనం వాటి నిర్మాణంలో ఉంది. దాదాపు ప్రతి భాగమూ విప్పదగినదే, చాలావరకు మామూలు పనిముట్లతోనే. ఎక్కడ అరిగిందో చెయ్యి పెడితే తెలుస్తుంది, చప్పుడు వింటే తెలుస్తుంది. ఆ పనితనం పలాస, టెక్కలి పాత మెకానిక్కుల దగ్గరే నేర్చుకోవాలి. అద్దాల గదిలో మెరిసే కారు కళ్లకు పండుగే. కానీ ఆ విద్య నిలిచేది మాత్రం రోడ్డు మీద తిరిగే బండితోనే. ఇంట్లో తాతగారి సైకిలు ఉన్నవాళ్లు ఈ ఆదివారమే దాన్ని సైకిలు షాపుకి నడిపించుకుపోండి. మీ పిల్లల్ని వెంట తీసుకెళ్లండి, పానా వాళ్ల చేతికివ్వండి.