ముహూర్తానికీ మూజువాణికీ మధ్య

మాఘ, ఫాల్గుణాలు వచ్చాయంటే మా గోదావరి జిల్లాల ఎమ్మెల్యేలకు ఊపిరాడదు. పెళ్లి ముహూర్తాలూ అప్పుడే, బడ్జెట్ సమావేశాలూ అప్పుడే. అక్కడ వెలగపూడిలో పద్దుల మీద చర్చ నడుస్తుంటే, ఇక్కడ మండపేటలోనో తణుకులోనో పెళ్లికొడుకు మేనమామ మాటిమాటికీ గేటు వైపు చూస్తుంటాడు. "బయల్దేరారంటండి, దారిలో ఉన్నారంట." శుక్రవారం సభ వాయిదా పడ్డాక కదిలిన బండి హనుమాన్ జంక్షన్ దాటేసరికి చీకటి పడుతుంది. ఇక ఆదివారం రాత్రి దాకా అది ఎక్కడెక్కడ ఆగాలో శుభలేఖలే నిర్ణయిస్తాయి.

పెళ్లిళ్లతో సరిపెట్టే ఊళ్లా ఇవి? ఓణీల ఫంక్షన్లు, పంచెల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, పెద్దకర్మలు, సీసీ రోడ్డు శంకుస్థాపనలు, ఆలయ కల్యాణాలు. ఒకటో తారీఖు తెల్లారితే పింఛన్ల పంపిణీ, క్యాంపు ఆఫీసులో ముఖ్యమంత్రి సహాయ నిధి చెక్కులు. పెళ్లికి రాకపోతే ఏడాది గుర్తుంచుకుంటారు, చావుకి రాకపోతే పోలింగ్ రోజుదాకా గుర్తుంచుకుంటారన్నది ఇక్కడి రాజకీయంలో ఓనమాలు.

విలేకరిగా ఈ బళ్ల వెనకాల చాలాకాలం తిరిగాను, అసెంబ్లీ ప్రెస్ గ్యాలరీలోనూ కూర్చున్నాను. చట్టాలు చేయమని పంపిస్తే అక్షింతలు వేస్తూ తిరుగుతున్నాడని చదువుకున్నవాళ్లు వెటకారం చేస్తుంటారు. ఆ వెటకారంలో సగమే న్యాయం ఉందని నాకనిపిస్తుంది.

పందిట్లో ఎమ్మెల్యేని దగ్గరుండి చూడాలి. చెప్పులు విప్పి వేదికెక్కడం, అక్షింతలు, కవరు, ఫొటో అన్నీ రెండు నిమిషాల్లో అయిపోతాయి. అసలు పని మెట్లు దిగేటప్పుడు మొదలవుతుంది. ఒకాయన చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీస్తాడు. చెమటకి మడతల దగ్గర సిరా అలుక్కుపోయి ఉంటుంది. "దాళ్వాకి వంతు వచ్చినా మా శివారు చేలకి నీరెక్కట్లేదండి. కాలువ నిండా గుర్రపుడెక్కేనండి." ఎమ్మెల్యే అక్కడికక్కడే ఇరిగేషన్ డీఈకి ఫోన్ కలుపుతాడు. భోజనాల దగ్గర ఇంకొకాయన. "ఎకరం ముప్పావండి, తాతలనాటి జిరాయితీ. పిల్ల పెళ్లికి అమ్ముదామంటే 22ఎలో ఉందంటున్నారండి." కాగితం పీఏ చేతికి వెళ్తుంది. "ఎమ్మార్వోతో మాట్లాడదాం లెండి" అని భుజం తట్టి సార్ కదులుతాడు. తర్వాతి ఊళ్లో మరొకరు, మళ్లీ 22ఎ.

ఈ పనిలో నేర్పు ఏమిటంటే, ఆ రెండు కాగితాలకూ తేడా కనిపెట్టడం. గుర్రపుడెక్క ఫోన్‌తో తీరుతుంది. పది ఊళ్ల పందిళ్లలో పది చేతుల్లోంచి ఒకే కాగితం వస్తోందంటే మాత్రం దాని వేరు ఎమ్మార్వో ఆఫీసు దాటి పైకి పోయిందని అర్థం. 22ఎ అన్నది రిజిస్ట్రేషన్ చట్టానికి ఉమ్మడి రాష్ట్రంలో 2007లో వచ్చిన సవరణ. ప్రభుత్వ, దేవదాయ, వక్ఫ్ భూములు చేతులు మారకుండా కాపాడటానికే నిషేధిత జాబితా పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ జాబితాలో సొంత భూమి పొరపాటున పడితే బయటికి తెచ్చే దారి ఎంత సులువుగా ఉండాలి, ఎన్నాళ్లలో తేలాలి, తేల్చని అధికారి ఎవరికి జవాబు చెప్పాలి? ఇవి భుజం తట్టి తేల్చే ప్రశ్నలు కావు. సభలో "అధ్యక్షా" అని లేచి అడగాల్సినవి.

అలా లేచేవాళ్లు తక్కువ. దానికో కారణం ఉంది. ఫోన్ చేసి పని చేయించిన ఎమ్మెల్యేకి పేరొస్తుంది, మేలు పొందిన మనిషి ఎదురుగానే ఉంటాడు కాబట్టి. సభలో ఒక సవరణ కోసం పట్టుబట్టిన ఎమ్మెల్యేకి దండ వేసేవాడుండడు. ఆ సవరణతో బాగుపడ్డవాళ్లకి, తాము ఎవరి మాటతో బాగుపడ్డారో తెలియదు.

మరో కారణం విప్. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక పార్టీ మాట కాదని ఓటేస్తే సభ్యత్వానికే ఎసరు. బిల్లు వస్తుంది, మంత్రి నాలుగు మాటలు చెబుతారు, "అవును" అనేవాళ్ల గొంతు పెద్దగా వినిపిస్తుంది, మూజువాణి ఓటుతో ఆమోదం పొందుతుంది. 175 మందిలో మామూలు సభ్యుడికి తనదంటూ మిగిలింది ప్రశ్న, జీరో అవర్, బిల్లు మీద మాట్లాడే ఆ కాసిని నిమిషాలు. వాటిని వాడుకోకపోతే తప్పు విప్‌ది కాదు. పైగా మన డెల్టా వాళ్లు సభలో వెనకబెంచీల్లో ఏం లేరు. 1983లో తొలిసారి గెలిచిన రాజమండ్రి గోరంట్ల బుచ్చయ్య చౌదరి 2024 జూన్‌లో ప్రొటెం స్పీకర్‌గా కొత్త సభ చేత ప్రమాణం చేయించారు. అదే ఏడాది నవంబరులో ఉండి ఎమ్మెల్యే రఘురామకృష్ణరాజు ఉపసభాపతి అయ్యారు. నీళ్ల శాఖ పాలకొల్లు నిమ్మల రామానాయుడి చేతికొచ్చింది.

కాగితాలు పైకి మోసుకెళ్లడం ఎంత ముఖ్యమో, బిల్లుల్ని కిందికి మోసుకురావడమూ అంతే ముఖ్యం. 2022లో సభ భూ హక్కుల చట్టాన్ని ఆమోదించింది. ఎకరం ఉన్న ప్రతి ఇంటికీ తగిలే చట్టమది. అయినా ఆ ఏడాది పందిళ్లలో నాకు దాని ఊసే వినపడలేదు. లాయర్లు కోర్టులు బహిష్కరించాక, 2024 ఎన్నికల మైకులు మోగాక గానీ ఊళ్లకు తెలియలేదు. ఆ జూలైలో కొత్త సభ దాన్ని రద్దు చేసింది. చట్టం మంచిచెడ్డలపై ఎవరి వాదన వారిది. కానీ తెచ్చేటప్పుడే ఊళ్లలో నాలుగు మాటలు చెప్పి, నాలుగు మాటలు విని ఉంటే ఇంత గందరగోళం అయ్యేదా?

వెటకారంలో సగమే న్యాయం అన్నది అందుకే. చట్టం ఒక్కటే సరిపోదని రాజమండ్రికి తెలిసినంతగా ఇంకో ఊరికి తెలియదు. వితంతు పునర్వివాహ చట్టం 1856లోనే వచ్చింది. ఇక్కడ తొలి పునర్వివాహం జరిగింది 1881 డిసెంబరు 11న. పాతికేళ్లు చట్టం పుస్తకంలోనే ఉండిపోయింది. కందుకూరి వీరేశలింగం పంతులు వెలివేతకు తెగించి పెళ్లి చేయించాక, వంటవాళ్లు రాకపోతే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే నీళ్లు మోశాక అది మనుషుల్లోకి వచ్చింది. పందిట్లో ఎవరు నిలబడ్డారన్నది చట్టానికి ప్రాణం పోస్తుంది.

ప్రాణం తీస్తుంది కూడా. జూదాన్ని నిషేధిస్తూ 1974లో చట్టం చేసింది మన అసెంబ్లీయే. భోగి నాడు కోడిపందేల బరి దగ్గర ముందు వరస కుర్చీలో శాసనసభ్యుడు కనిపించాక, ఆ చట్టాన్ని అమలు చేయమని ఏ ఎస్ఐకి చెప్పగలం? రావడమూ ఒక మాటే, రాకపోవడమూ ఒక మాటే. ఎక్కడికి వెళ్లాలో తెలిసినంతగా ఎక్కడికి వెళ్లకూడదో కూడా తెలియాలి.

కాబట్టి ఎమ్మెల్యేని పెళ్లికి పిలవడం మానొద్దు. వచ్చే శ్రావణంలోనూ పిలవండి, పూతరేకులు పెట్టండి, ఫొటో దిగండి. దిగాక ఒక్క మాట అడగండి: "మొన్న మా 22ఎ సంగతి సభలో ఎత్తారా అండి? మంత్రిగారు ఏమన్నారండి?" మొదటిసారి నవ్వేసి వెళ్లిపోతాడు. ప్రతి పందిట్లోనూ, ప్రతి ముహూర్తానికీ అదే అడిగితే, చెప్పడానికి జవాబు లేకుండా మెట్లెక్కడానికి ఆయనకే మొహమాటం వేస్తుంది.