కప్పు పెట్టిన ఇంటిపేరు

ముంబై రోడ్డు మీద పటాన్‌చెరు దాటి, ఇస్నాపూర్ దగ్గర లోపలికి తిరిగితే చిట్కుల్. ఫోన్‌లో వెతికితే ముందుగా హిమాచల్‌లోని మంచుకొండల చిట్కుల్ వస్తుంది. మనది అది కాదు, పాశమైలారం ఫ్యాక్టరీల పక్కది. దీని గల్లీల్లో నడుస్తూ స్తంభాలకూ గేట్లకూ అంటించిన టు-లెట్ కాగితాలు చదవండి. సింగిల్ రూం, డబుల్ రూం, వన్ బీహెచ్‌కే, పెంట్‌హౌస్. అన్నీ ఉంటాయి, ‘ఇల్లు’ అన్న మాట తప్ప.

మన పాత మాటల పద్ధతి వేరు. పూరిల్లు, కమ్మల గుడిసె, గూనపెంకుల ఇల్లు, రేకుల ఇల్లు, మిద్దె, స్లాబు ఇల్లు. వరసగా అనుకుని చూడండి, ఒక్కదాంట్లోనూ గోడ ఊసు లేదు. ఎన్ని గదులో లేదు. పేరు పెట్టింది కప్పు. పూరింటికీ పెంకుటింటికీ గోడ ఒకటే ఎర్రమట్టిది కావచ్చు. కానీ గోడ ఒకసారి లేస్తే రెండు తరాలు నిలుస్తుంది. కప్పు అలా కాదు, మృగశిర కార్తె దగ్గర పడుతుందంటే చాలు, ఇంటాయన చూపు దాని మీదికే పోతుంది. ఏటా ఖర్చు దానిది, దిగులు దానిది. ఊరి పొలిమేర నుంచి చూసేవాడికి కనబడే అంతస్తూ దానిదే.

పూరికప్పును కింది నుంచి పైకి కడతారు. నడుమ నిట్టాడు నిలబెట్టి, దాని తల మీద దూలం ఎక్కించి, దూలం నుంచి గోడల మీదికి వాసాలు దించుతారు. గడ్డి గానీ తాటికమ్మలు గానీ చూరు దగ్గర మొదలుపెట్టి, ఒక వరస తలను పై వరస తోక కప్పేలా పరుస్తూ కొప్పుకు చేరతారు. ఆడవాళ్ల జుట్టుకున్నట్టే ఇంటికీ కొప్పు ఉందన్నమాట. వాలు బాగా ఉండాలి. వాన చుక్క ఆగకుండా గడ్డి నుంచి గడ్డికి జారి చూరు దిగాలి. వాలు తగ్గితే నీళ్లు నిలిచి కప్పు కుళ్లిపోతుంది. ఈ కప్పుకు వానకన్నా పెద్ద శత్రువు నిప్పు. కంగారుపడే మనిషిని ‘కొంపలంటుకున్నట్టు ఏమిటా పరుగు’ అని మందలించడం ఆ రోజుల నుంచి వచ్చిందే. ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం’ కూడా అంతే. అరటాకు ముందు కూర్చున్న అతిథి తలెత్తితే వాసాలు కనబడే ఇల్లు ఉంటేనే ఆ సామెత పుడుతుంది. స్లాబు కింద భోంచేసి మోసం చేసేవాడు పాపం ఏం లెక్కపెడతాడు?

నాకు అన్నిటికన్నా ఎక్కువ ఇష్టం మట్టిమిద్దె. తెలంగాణ మెట్ట ఊళ్లలో, రాయలసీమలో ఎండకు ఎదురు నిలిచిన ఇల్లు అది. దూలాల మీద కట్టెలు గానీ బండలు గానీ దగ్గరదగ్గరగా పేర్చి, చెదలు పట్టకుండా వేపాకు పరిచి, పైన మందంగా మట్టి తొక్కుతారు. అన్నిటికన్నా పైన చౌడుమట్టి. పొలంలో చౌడు ఉంటే రైతు తల పట్టుకుంటాడు. అందులో సోడియం లవణాలు ఎక్కువ. అది తడిసిందంటే బంకమట్టి రేణువులు విడివిడిగా చెదిరి సందుల్లో కూరుకుపోతాయి, ఇక నీళ్లు కిందికి దిగవు. పైరుకు ఊపిరాడనివ్వని ఆ గుణాన్నే తీసుకెళ్లి నెత్తిన పెట్టుకున్నారు మనవాళ్లు. చేనును చెడగొట్టిన మట్టి ఇంటిని కాపాడింది. ఈ కిటుకు ఎవరు కనిపెట్టారో ఏ పుస్తకమూ చెప్పదు. మందపాటి గోడ, మందపాటి కప్పు కలిసి పగటి ఎండను రాత్రిదాకా లోపలికి రానివ్వవు. రాత్రి వేడి దిగే వేళకు మనుషులు మిద్దె ఎక్కి పడుకుంటారు. పగలు అక్కడే మిరపకాయలు ఎండుతాయి.

వాన ఎక్కువ పడే చోట ఈ చదును కప్పు నిలవదు. తుఫానుల ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిల్లు కట్టుకున్నారు. గుండ్రటి గోడ, దాదాపు నేలదాకా వంగిన తాటాకు కప్పు. గాలికి పట్టు దొరికే మూల లేదు, చుట్టూ జారిపోవాల్సిందే. ఆకారం పేరు పెట్టిన ఇల్లు ఇదొకటి. మధ్యలో ఆకాశం పెట్టుకున్న మండువా లోగిలీ, మన వైపు భవంతీ కలిగినవాళ్లవి, వాటి కథ ఇక్కడొద్దు.

గూనపెంకు కుమ్మరి చేతి పని. సారె మీద ఒక చివర సన్నగా ఉండే గొట్టం లేపి, కాస్త ఆరాక నిలువునా చీల్చి, ఆవంలో కాలుస్తాడు. ఒక వరస వెల్లకిలా, పై వరస బోర్లా. మేకు అక్కర్లేదు, బరువే పట్టు. కోతులు ఎక్కితే మాత్రం సర్దుకోలేక చావాలి. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టాక, ఒకదాన్నొకటి పట్టుకునే బల్లపరుపు పెంకు ఊరూరా వచ్చింది. మనవాళ్లు దాన్ని బెంగుళూరు పెంకు చేశారు. పేరు తప్పినా ఇల్లు కురవలేదు కదా.

గుడిసె అన్న మాటను చిన్నచూపు చూస్తాం గానీ దాని చుట్టం గుడి. బరో, ఎమెనో 1961లో అచ్చువేసిన ద్రావిడ భాషల నిరుక్త నిఘంటువు గుడిని, గుడిసెను, ఇల్లు అనే అర్థమున్న తమిళ ‘కుడి’ని ఒకే మూలం కింద చేర్చింది. దేవుడూ పేదవాడూ ఒకే మాట కింద తలదాచుకున్నారు.

ఈ పటాన్‌చెరు పట్టీలో ఒకప్పుడు జొన్నచేలు, చేల మధ్య మంచెలు. నాలుగు గుంజల మీద పరుపుకట్టెలు, పైన ఇంత నీడ. వడిసెల పట్టుకుని పిట్టల్ని తోలేవాడికి ఆ పంట కాలం అదే ఇల్లు. జొన్న మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ 1972లో పటాన్‌చెరుకు వచ్చింది, పరిశ్రమలూ వచ్చాయి, చేలు ప్లాట్లయ్యాయి. మంచె ఉండాల్సిన చోట వెంచర్ వాచ్‌మెన్ రేకుల గది వెలిసింది.

తర్వాత ఇంటికి పేరు సర్కారు పెట్టడం మొదలైంది. కాలనీ ఇల్లు, ఇందిరమ్మ ఇల్లు, డబుల్ బెడ్రూం. ఇక్కడికి దగ్గర్లోనే కొల్లూరులో 2023 జూన్‌లో 15,660 డబుల్ బెడ్రూం ఇండ్లు ప్రారంభించారు, ఒక్కోటి 560 చదరపు అడుగులు. ‘నీకు డబుల్ బెడ్రూం వచ్చిందా?’ అంటారు తప్ప ఇల్లు వచ్చిందా అనరు. గది లెక్క ఇంటిపేరైంది.

చిట్కుల్‌లో ఆ లెక్క ఇంకా చిన్నది. ఒడిశా, బిహార్ నుంచి వచ్చి షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు వరసగా కట్టిన గదులు. ఒక తలుపు, ఒక కిటికీ, బయట ఉమ్మడి నల్లా. అందులో పదేళ్లున్నవాడైనా ‘రూంకు పోతున్నా’ అంటాడు. ఇల్లు అన్న మాటను రైలు టికెట్ కోసం దాచుకుంటాడు.

ఇక పెంట్‌హౌస్. మూడంతస్తుల పైన, నీళ్ల ట్యాంకు పక్కన, సిమెంటు రేకులేసిన ఒంటి గది. ఏప్రిల్ వచ్చేసరికి మధ్యాహ్నం అందులో కూర్చోలేరు. అద్దెకున్నవాళ్లు రేకుల మీద తాటికమ్మలో వరిగడ్డో పరిచి, గాలికి లేవకుండా తాడేసి బిగిస్తారు. పొద్దున, సాయంత్రం రెండు బకెట్లు చల్లుతారు. కింద స్లాబు, దాని మీద రేకు, రేకు మీద పూరి. గేటుకు అంటించిన కాగితంలో మాత్రం అది పెంట్‌హౌసే.