గోడమీది గెలుపు – చట్రం బయటి మనుషులు

ఫుట్‌బాల్ కప్పు గెలిచిన క్షణాల ఛాయాచిత్రాలను లోహపు రేకుల మీద అచ్చువేసి అమ్ముతున్నారు. వాటిని కొని ఇంటి గోడలకు తగిలించుకుంటున్నారు. ఇటువంటి వాటిమీద సాహిత్య పత్రికలో చర్చ ఎందుకని మిత్రులు అడగవచ్చు. కేలండరు బొమ్మ, సినిమా పోస్టరు విమర్శకు వస్తువులు కాగలిగినప్పుడు, జనం రోజూ తమ ఇంట్లో చూసుకునే ఈ బొమ్మ ఎందుకు కాకూడదు?

ముందుగా రూపం సంగతి. బొమ్మను కుడిఎడమలు మార్చి ప్రత్యేకమైన కాగితం మీద అచ్చువేస్తారు. పాలిమర్ పూత పూసిన అల్యూమినియం రేకుమీద ఆ కాగితాన్ని పరచి, సుమారు 200 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో అదుముతారు. రంగు ఆవిరై పూతలోకి ఇంకిపోతుంది. అందువల్ల ఈ బొమ్మ చిరగదు, ముడతపడదు, తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. కాగితపు పోస్టరు పాతబడుతుంది, దానిమీద కాలం కనిపిస్తుంది. రేకు మీది గెలుపు మాత్రం నిన్ననే జరిగినట్టు నిగనిగలాడుతుంది. ఆ గెలుపుకు ముందూ వెనకా ఏం జరిగిందో చూసేవాడికి గుర్తురాదు. ఈ మెరుపులో చరిత్ర ఎలా జారిపోతుందో కొన్ని చిత్రాలలో పరిశీలించవలసి వుంది.

1966 జూలై 30న లండన్ వెంబ్లీ మైదానంలో ఇంగ్లండు 4-2 గోల్స్‌తో పశ్చిమ జర్మనీని ఓడించింది. కప్పు పట్టుకున్న కెప్టెన్ బాబీ మూర్ చిత్రం సుప్రసిద్ధం. అతను జెఫ్ హర్స్ట్, రే విల్సన్‌ల భుజాలమీద వున్నాడు. మోస్తున్నవాళ్ళ ముఖాలు కనిపిస్తున్నంతవరకు అది జట్టు గెలుపు. చట్రాన్ని కాస్త కుదించి మూర్‌నూ కప్పునూ మాత్రమే మిగిల్చితే, అదే చిత్రం ఒక వీరుడి గాథగా మారిపోతుంది.

1978 జూన్ 25న బ్యూనస్ ఎయిరిస్‌లో అర్జెంటీనా అదనపు సమయంలో నెదర్లాండ్స్‌ను 3-1తో గెలిచింది. సైనిక నియంత విదేలా కెప్టెన్ పసరెల్లాకు కప్పు అందించాడు. అదే నియంతృత్వం బందీలను చిత్రహింసలు పెట్టిన నావికాదళ మెకానిక్ పాఠశాల ఆ స్టేడియానికి నడిచిపోగలిగినంత దూరంలో వుంది. కప్పు అందుకునే చిత్రంలో ఈ భవనం కనబడదు. అయితే ఆ రోజే రికార్డో అల్ఫియేరి తీసిన మరో చిత్రం వుంది. గోల్‌కీపర్ ఫిల్లోల్, ఆటగాడు తరంతీని మోకాళ్ళమీద కూర్చుని కౌగిలించుకుని వున్నారు. వాళ్ళవైపు వంగిన అభిమాని విక్టర్ దెల్ అకీలాకు రెండు చేతులూ లేవు. అతని దుస్తుల ఖాళీ చేతులు ముందుకు ఊగి, వాళ్ళిద్దరినీ చుట్టుకోబోతున్నట్టు వున్నాయి. దీన్ని 'ఆత్మాలింగనం' అంటారు. ఈ చిత్రం నియంతృత్వాన్ని ఖండించిందని నేను అనను. కాని ఆ సంతోషం జనానిది. దాన్ని విదేలా ఎంతగా వాడుకోజూసినా ఈ చిత్రంలో అతనికి చోటు లేదు.

ఇక 2022 డిసెంబరు 18. ఖతార్‌లోని లుసైల్ స్టేడియంలో ఆట 3-3తో సమానమై, పెనాల్టీలలో అర్జెంటీనా ఫ్రాన్స్‌ను 4-2తో ఓడించింది. కప్పు ఇచ్చేముందు ఖతార్ పాలకుడు మెస్సీ భుజాలమీద నల్లని అరబ్బు అంగవస్త్రం కప్పాడు. అర్జెంటీనా చొక్కా చాలావరకు మరుగున పడింది. తర్వాత మెస్సీ తన పాత సహచరుడు అగ్వేరో భుజాలెక్కి మైదానంలో ఊరేగాడు. అప్పుడు అతని చేతిలో వున్నది అసలు కప్పు కాదనీ, అభిమానులు చేయించుకున్న నమూనా అనీ తర్వాత పత్రికలలో వచ్చింది. అయినా లోకానికి గుర్తుండిపోయింది ఆ ఊరేగింపే.

ఈ ఊరేగింపు బొమ్మనే రేకుమీద నేను జగిత్యాల జిల్లాలో నా పూర్వ విద్యార్థి ఇంట్లో చూశాను. వృత్తిదోషం కొద్దీ, ఆటను సరుకుగా మార్చే మార్కెట్ గురించి ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. అతను అంతా విని అన్నాడు: "మా బాపు ఆ ఊళ్ళెనే పనిజేసిండు సార్. బొమ్మల ఆయన లేడు గని, ఊరు గదే గద." ఆ రేకు పక్కనే చిన్న కాగితపు ఫోటో వుంది. ఇనుప చువ్వల ముందు, పసుపుపచ్చ హెల్మెట్‌తో అతని తండ్రి. ఫోటో అంచులు అప్పటికే రంగు మారాయి.

2010లో ఖతార్‌కు ఆ పోటీల నిర్వహణ దక్కింది. తర్వాతి పదేళ్ళలో ఐదు దక్షిణాసియా దేశాల వలస కార్మికులు 6,500 మందికి పైగా అక్కడ మరణించారని 2021లో 'గార్డియన్' పత్రిక రాసింది. వాళ్ళందరూ స్టేడియాలు కట్టినవాళ్ళు కారు, అన్ని కారణాల మరణాలూ ఆ లెక్కలో వున్నాయి. అయినా ఉత్తర తెలంగాణ పల్లెలకు ఆ అంకె పరాయిది కాదు.

ఇక్కడ నా విమర్శ ఎక్కడ పొరబడిందో చెప్పుకోవాలి. నేను చట్రం లోపలున్నదాన్ని మాత్రమే చూసి తీర్పు చెప్పాను. అతను బయట మిగిలిపోయిన మనిషిని తెచ్చి చేర్చి చదివాడు. ఒక వస్తువును సరుకు అనడం నిజమే కావచ్చు, కాని ఆ ఒక్క మాటతో దానిపై విమర్శ పూర్తికాదు. కొన్నవాడు దాన్ని ఏ బతుకు పక్కన పెట్టుకున్నాడో కూడా చూడాలి.

అలాగని రేకును పొగడనక్కరలేదు. ఆ ఫోటో తీసేస్తే ఇంటికొచ్చిన చుట్టానికి మెస్సీ ఒక్కడే కనబడతాడు. కాగితపు ఫోటో ఎన్నేళ్ళో నిలవదు. అది మాసిపోయేలోగా ఆ తండ్రి కథ ఎవరో ఒకరు రాయాలి. ఆ బాధ్యత రచయితలది. నేనైతే ఈసారి ఉపన్యాసం మానుకుని, అతను చెప్పేది రాసుకోవడానికి ఆ ఇంటికి వెళ్ళదలచుకున్నాను.