చూ. డయాస్పార్

పుస్తకము చివరి పుటలలో చిన్న అక్షరములతో రెండు నిలువు వరుసలుగా అచ్చుపడు అకారాది సూచికను ఎవడో ఒకడు కూర్చుండి కూర్చినాడన్న సంగతి తలచుకొను పాఠకులు అరుదు. ఇరువది యేండ్లకు పైగా నాకు అన్నము పెట్టినది ఆ పనియే. పాత చెప్పుల పెట్టె నిండ అట్టముక్కలు. ఒక్కొక్క అట్టమీద ఒక్కొక్క ఆరోపము, దాని యెదుట పుటసంఖ్యలు. ఒక మాట వేరొక మాట చాటున దాగియున్నప్పుడు దారి చూపుటకు ‘చూ.’ అను పొట్టి గుర్తు. ఇంతకన్న మించిన పనిముట్లు ఈ వృత్తికి లేవు.

దీనియందు నవ్వులకు కొదువ లేదు. ఒకసారి గోవర్ధనగిరి నెత్తిన దేవుడును, మహాబలేశ్వరము కడ పుట్టి హంసలదీవి కడ కడలి గలియు నదియు, బందరు ముఖ్యపట్టణముగా గల జిల్లాయు నా పెట్టెలో ‘కృష్ణ’ అను ఒకే అట్టమీద సర్దుకొనగా, గోపికావల్లభుని పేరు క్రింద ఆనకట్ట మరమ్మతుల పుటలు పడి ప్రూఫులో కనబడినవి. అది దిద్దుకొన్న తప్పు. దిద్దుకొనలేని తప్పు వేరొకటి కలదు. కాలువల క్రింది సేద్యమును గూర్చిన యొక గ్రంథమునకు సూచిక కట్టి, ‘తూములు’, ‘గండ్లు’, ‘లస్కరులు’, ‘వంతు నీరు’ అని వరుసగా అన్నియు చేర్చి, ఇక విడిచినది లేదని నేను సంతోషించుచుండగా, కాలువ శివారు గ్రామమునుండి యొక పెద్దాయన కార్డు వ్రాసినాడు: “అయ్యా, మీ సూచికలో ‘నీటి తగాదాలు’ లేవు గదా! మా వూళ్లో తలకాయలు పగిలినవి అందుకే.” పుస్తకము తెరచి చూచితిని. సగము పుస్తకము ఆ తగాదాలే. గండి ఎవడు కొట్టినాడో, తూము ఎవడు మూసినాడో, ఎవరి వంతు ఎవరు మ్రింగినారో పుటపుటను ఉన్నది. నేను వస్తువుల పేర్లు ఏరితిని గాని, ఆ వస్తువుల కొరకు మనుష్యులు కొట్టుకొందురన్న మాట నా బుద్ధికి తట్టలేదు.

ఆ కార్డు వచ్చిన రాత్రియే ఆర్థర్ సి. క్లార్క్ నవల ‘ది సిటీ అండ్ ది స్టార్స్’ను మరల తీసినాను. 1956లో వెలువడిన ఈ నవలకు పూర్వరూపము ‘అగైన్స్ట్ ది ఫాల్ ఆఫ్ నైట్’ అను పేర 1948 నవంబరులో ‘స్టార్ట్‌లింగ్ స్టోరీస్’ అను అమెరికా పత్రికలో వచ్చినది. ఆ సంవత్సరమే గణితవేత్త క్లాడ్ షానన్, సమాచారమును కొలుచు విధమును నిరూపించుచు తన ప్రసిద్ధ వ్యాసమును ప్రకటించినాడు. ఈ కొత్త శాస్త్రము మానవజీవితమును పరమాణుశక్తికంటె లోతుగా మార్చవచ్చునను తలంపే పాత కథను తిరిగి వ్రాయుటకు ఒక కారణమని క్లార్క్ తన పీఠికలో చెప్పుకొన్నాడు. ఒక కథకుడు తన కథను పెంచుటకు గాక, లోకములో కొత్తగా పుట్టిన యొక భావమునకు ఇల్లు కట్టుటకై తిరిగి వ్రాయుట నాకు ముచ్చటగా తోచును.

ఆ ఇల్లే డయాస్పార్. మనకు నూరుకోట్ల సంవత్సరముల తరువాత, సముద్రములు ఇంకిపోయి ఇసుక మిగిలిన భూమిమీద, చుట్టును గోడ గల ఒక్క నగరము. దాని వీధులు, గోడలు, మనుష్యులు, అందరి స్మృతులు సమస్తమును నగరగర్భమున జ్ఞాపకకోశములలో భద్రమై యుండును. పౌరులలో నూటికొక్కడే యొక కాలమున వీధులలో తిరుగును. తక్కిన తొంబదితొమ్మిదిమందియు ఆ కోశములలో నిద్రించుచుందురు. పిలుపు వచ్చినవాడు సృష్టిశాలనుండి దాదాపు ఎదిగిన దేహముతో వెలువడి, ఇరువది యేండ్లు నిండిన పిమ్మట పూర్వజన్మలను జ్ఞప్తికి తెచ్చుకొని, వేయేండ్లు బ్రదికి, మరల కోశములోనికి పోవును. మనవారు జాతిస్మరుడని అపురూపముగా చెప్పుకొను స్థితి ఆ ఊరివారికి ఉగ్గుపాలవంటిది.

నా వృత్తివాడు గుర్తుపట్టవలసిన ఘట్టము ఇచట నున్నది. కోశములోనికి మరలుటకు ముందు ఆ వృద్ధుడు తన వేయేండ్ల స్మృతులను ముందు పెట్టుకొని, ఏది ఉంచవలెనో ఏది తుడిచివేయవలెనో ఏరుకొనును. అది సూచికాకర్త పనియే. ఐతే నేను విడిచిన మాట పుస్తకములో ఎక్కడనో బ్రతికియుండును. అతడు విడిచినది మరి లేదు. జన్మజన్మకు ఇట్లు ఇష్టమైనవి మాత్రమే ఉంచుకొనువారు, ఊరి గోడ దాటి అవతలికి చూడవలెనన్న కోరిక నెన్నడో తుడిచివేసియుందురనుటలో ఆశ్చర్యము లేదు. గోడ అవతల ఏమున్నదని అడిగినంతనే వారి ముఖములు భయముతో వాడిపోవును.

ఈ యంతటినీ చూచునది కేంద్రయంత్రము. దానికి ప్రాణమున్నదా? జీవులకున్నట్టి చైతన్యము లేకపోయినను మనిషికి గల ఎరుక దానికి తక్కువ లేదని రచయిత యొకచోట అననే అనును. నాకు ఆ వాక్యముకంటె దాని నడవడియే ఎక్కువ సాక్ష్యము. పూర్వజన్మ లేని కుర్రవాడు ఆల్విన్, బయటికి దారి అడుగును. యంత్రము దారి చెప్పదు, దాచనూ దాచదు. నగరములో కొంత కొంత అల్లరిని కొలిచి కలుపుటకే నియమింపబడిన విదూషకుడు కెద్రన్ ఆ బాలుని తోడుకొనిపోయి, నగరము పూర్వము ఎట్లుండెనో చూపు కోశముల తెరమీద యుగములను వెనుకకు త్రిప్పగా, ఉద్యానమధ్యమున యార్లన్ జే అను పూర్వుని సమాధి, అందలి అతని ప్రతిమ చూపు నేలమీద వాలిన చోటు, ఆ చోటి పలక దిగిపోవు గుట్టు ఒకదాని వెంట నొకటి వెల్లడియగును. అడుగున పూర్వము లోకమంతటికీ పోయిన మార్గములలో ఇంక ఒక్కటే వెలుగుచుండును, లిస్ అను గ్రామసీమకు. కోశములో ఆ సమాచారము కోట్ల యేండ్లుగా ఉన్నది, అడిగినవాడు లేడు. నా శివారు పెద్దాయన కార్డు ఇక్కడ నాకు మరల గుర్తు వచ్చినది.

యంత్రపు తెలివి నిజముగా బయటపడునది అటుతరువాత. ఆల్విన్ బయటి లోకమునుండి ఒక రోబోను తెచ్చును. దాని ప్రభువు, తాను ఎదురుచూచు మహనీయులు వచ్చువరకు నోరు మెదపవద్దని దానికి ఆన పెట్టి పోయినాడు. ఎంతో కాలము గడచినను అది ఆ ఆనకు కట్టుబడియే యున్నది. ఆ కట్టును తెంచుట కేంద్రయంత్రమునకును సాధ్యము కాలేదు. కనుక అది తెంచలేదు. మహనీయులే వచ్చినట్లు ఒక మాయాదృశ్యమును కల్పించి, షరతు తీరినట్లు రోబోను నమ్మించి, పెదవి విప్పించినది. వ్రాతను చదువుట వేరు, వ్రాసినవాని మనసు తెలిసి వ్రాతను లొంగదీయుట వేరు. మొదటి పని పెట్టె చేయును. రెండవ పనిలో నేను ప్లీడరు గుమాస్తాలను మాత్రమే ఇంత ఆరితేరినవారిగా చూచినాను.

ఐనను ఆ మహాకోశము చెప్పు చరిత్ర అబద్ధము. ఆక్రమణకారులు వచ్చి మానవుని నక్షత్రములనుండి తరిమి భూమిమీద కట్టివేసినారని డయాస్పార్ నమ్మును. ఆల్విన్ దూరపు సూర్యులకు పోయి తోడు తెచ్చిన వానమాండ్ అను దేహము లేని మనస్సు, పోయిన యుగములన్నిటినీ చూడగలదు గాని, చూచినదాని అర్థమెరుగని పసిబిడ్డవంటిది. లిస్ పండితులు దానిని ఓపికగా ప్రశ్నలడిగి అడిగి నిజము రాబట్టవలసి వచ్చినది. ఒకటి అన్నియు భద్రపరచి అబద్ధమును వల్లించును. రెండవది నిజమును చూచుచు అర్థము చెప్పలేదు. రెంటికిని నడుమ ప్రశ్న వేయు మనిషి లేకున్నచో రెండును వట్టి అట్టలపెట్టెలే.

డయాస్పార్‌ను కట్టినవారు ఈ సంగతి ఎరుగుదురని నా అభిప్రాయము. అంత పరిపూర్ణమైన కోశమును నిర్మించియు, దాని నియమములను మీరుటకొక విదూషకుని, దానికి లోబడని ఆల్విన్‌ను దానిలోనే నాటిపెట్టినారు. తమకు తట్టని ప్రశ్న ఒకనాడు వచ్చునని ఎరిగి దానికి చోటు విడిచినారు. సూచిక కట్టు నేను అట్టి చోటు ఎన్నడును విడువలేదు. మొదటి అట్ట మొదలు చివరి అట్ట వరకు నా ప్రశ్నలే.

కాలువల పుస్తకము రెండవ కూర్పునకు పోవుచున్నది. ‘నీటి తగాదాలు’ అను అట్ట ఇప్పుడు పెట్టెలో నున్నది; పుటసంఖ్యలు ఒక అట్టమీద పట్టక రెండవదానిని గుండుసూదితో గుచ్చితిని. దాని వెనుక ఒక ఖాళీ అట్టను కూడ ఉంచినాను. మీరు ఏ పుస్తకపు సూచికలోనైన వెదకి దొరకని మాట ఉన్నచో, అది ఎంత చిన్నదైనను, ఆ సూచిక కట్టినవానికి ఒక కార్డుముక్క వ్రాయుడు.