చిలుకలోని ప్రాణం: గుట్టు తెలుసుకున్నదెవరు?

తెలుగు జానపద చిత్రాలలో రాకుమారి సాధారణంగా అపహరింపబడేది, రక్షింపబడేది. కె.వి.రెడ్డి దర్శకత్వంలో 1951లో వెలువడిన ‘పాతాళభైరవి’లో ఇందుమతిని మాంత్రికుడు ఎత్తుకుపోతాడు, తోటరాముడు విడిపిస్తాడు. ఇంతకన్నా గమనార్హమైనది భైరవి పాత్ర. సమస్త శక్తీ ఆమెదే; కాని ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వారి ఆజ్ఞను పాలించవలసిందే. శక్తి స్త్రీది, సంకల్పం పురుషునిది.

1942లో జెమినీ సంస్థ తెరకెక్కించిన ‘బాలనాగమ్మ’ కథ వేరు. మాయల మరాఠీ చెరలో బాలనాగమ్మ వ్రతం నెపంతో ఏళ్ళ తరబడి అతణ్ణి దూరంగా ఉంచుతుంది. వాని ప్రాణం చిలుకలో ఉన్నదన్న గుట్టు రాబట్టేదీ ఆమే. చిలుకను తెచ్చినవాడు కొడుకు కనుక జయం అతని పేర చెల్లింది. ఆమె తెలివి లేనిదే ఆ సాహసం లేదు.

1937 నాటి డిస్నీ ‘స్నోవైట్’ రాకుమారుడు వచ్చేదాకా అచేతనంగా పడి ఉంటుంది. 2013 నాటి ‘ఫ్రోజెన్’లో అక్కాచెల్లెళ్ళ అనురాగమే ప్రాణం నిలుపుతుంది. ఈ మార్పు హర్షణీయం. అయితే తెలుగు కుటుంబాలు స్థిరపడిన భిలాయి ఉక్కునగరపు సెక్టర్ 7 వంటి చోట, అమ్మమ్మ నోటి కథకు దూరంగా పెరిగే బాలికకు తెర చూపినదే కథ. ఆమెకు బాలనాగమ్మ పాతివ్రత్యాన్ని మాత్రమే చెప్పి ఊరుకోరాదు. గుట్టు రాబట్టిన బుద్ధినీ చెప్పాలి.