రహీమ్ సాబ్ శిక్షణ విద్య

సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ అక్కడి జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత బడిపంతులయ్యారు. పిల్లలకు పాఠం విడమరచి చెప్పే ఓపికే ఆయన శిక్షణకు పునాది.

ఆయన పద్ధతిలో సొగసు కంటే వేగానికే విలువ ఎక్కువ. బంతిని కాళ్ల దగ్గర అట్టేపెట్టుకోకుండా ఒక్క తాకుతో అందించడం నేర్పారు. బలహీనమైన కాలితోనే ఆడాలనే పోటీలు పెట్టి రెండు కాళ్లకూ పదును పెట్టారు. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 రోవర్స్ కప్పులు గెలిచింది.

భారత జట్టు శిక్షకుడిగా 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం అందించారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓటమి ఎదురైంది. ఆ భారత జట్టే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరి, నాలుగో స్థానంలో నిలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్ ఆయన నేర్పుకు నిదర్శనం. తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలో ఆడించారు. పి.కె. బెనర్జీతో పాటు జర్నైల్ కూడా గోల్ కొట్టడంతో భారత్ 2-1తో దక్షిణ కొరియాను ఓడించింది. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీమ్ 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ స్వర్ణం రాలేదు.